భుజం మీద ఎరుపు లేకపోయినా అది హాన్స్ మకావే కావచ్చు

హాన్స్ మకావ్ (దక్షిణ అమెరికాకి చెందిన చిన్న పచ్చ చిలుక) అని కొన్న మూడు నెలల చిలుక పిల్లకి భుజం మీద ఎరుపు లేదు, మామూలు పచ్చ చిలుకను అంటగట్టారేమో అన్నారు కదండీ, అప్పుడే టెన్షన్ పడకండి. హాన్స్ పిల్లలకి ఆ ఎరుపు, నుదుటి నీలం మొదట్లో ఉండవు, పెరిగాకే వస్తాయి. మీరు చూడాల్సింది ముఖం. కంటి చుట్టూ, ముక్కు దాకా ఈకల్లేని తెల్లటి చర్మం ఉందా? మన రామచిలుకకి అది ఉండదు. ముక్కంతా నలుపైతే హాన్స్. పై ముక్కు లేత రంగైతే దాని దగ్గరి చుట్టం నోబుల్ మకావ్.

పెరిగినా 30 సెంటీమీటర్లే, మకావ్‌లలో ఇదే పొట్టిది. వెనిజులా, గయానా, ఉత్తర బ్రెజిల్ గడ్డి మైదానాల్లో, తాటి జాతి చెట్ల తొర్రల్లో గూడు పెడుతుంది. గుంపులో బతికే పక్షి, పొద్దునా సాయంత్రం అరుస్తుంది. పక్కింటివాళ్లకి ముందే చెప్పి ఉంచండి!