మగ కుక్కకు మూత్రానికి కొత్త ద్వారం

ప్రశ్న: మా ఏడేళ్ల మగ కుక్కకు మూత్రాశయంలోని రాళ్లను రెండుసార్లు ఆపరేషన్ చేసి తీశారు. ఇప్పుడు మరో రాయి మూత్రమార్గంలో అడ్డుపడింది. ఈసారి వృషణాలను, వాటి సంచిని తొలగించి, అక్కడ మూత్రానికి శాశ్వతంగా కొత్త ద్వారం పెడతామంటున్నారు. ఇది తప్పదా? ఆ తర్వాత మూత్రంపై దానికి అదుపు ఉంటుందా?

జవాబు: ముందుగా రెండో ప్రశ్న తీసుకుంటాను, ఎక్కువ మందిని భయపెట్టేది అదే. మూత్రాన్ని ఆపి ఉంచే కండరాలు మూత్రాశయం మెడ నుంచి కటి భాగం వరకు ఉంటాయి. కొత్త ద్వారం వాటికి బాగా దిగువన వస్తుంది కనుక అదుపు సాధారణంగా చెడదు. ధార పడే చోటు మాత్రం మారుతుంది.

మగ కుక్క పురుషాంగంలో చిన్న ఎముక ఒకటి ఉంటుంది. మూత్రమార్గం ఆ ఎముక అడుగునున్న గాడిలోంచి సాగుతుంది, అక్కడ వ్యాకోచించడానికి చోటు లేనందున రాళ్లు తరచుగా ఎముక వెనుక కొసనే చిక్కుకుంటాయి. వృషణాల సంచి దగ్గర మార్గం వెడల్పుగా, చర్మానికి చేరువగా ఉండి, రక్తస్రావం కూడా తక్కువగా ఉంటుంది కాబట్టి సర్జన్లు ఆ చోటునే ఎంచుకుంటారు.

ఇక తప్పదా అన్న విషయం. రాయిని సెలైన్ ఒత్తిడితో వెనక్కి, మూత్రాశయంలోకి నెట్టి అక్కడి నుంచి తీయగలిగితే మూత్రమార్గాన్ని కోయనక్కర్లేదు. ఆ ప్రయత్నం జరిగిందో లేదో అడగండి. అంతకంటే ముఖ్యంగా, గతంలో తీసిన రాళ్లు ఏ రకమో పరీక్ష చేయించారా? ఇన్ఫెక్షన్‌తో వచ్చే స్ట్రువైట్ రాళ్లు మూత్రాశయంలో ఉన్నప్పుడు ప్రత్యేక ఆహారంతో, యాంటీబయాటిక్‌లతో కరగవచ్చు. కాల్షియం ఆక్సలేట్ రాళ్లు కరగవు, మళ్లీ ఏర్పడే స్వభావమూ వాటికి ఉంది. కొన్ని కుక్కల్లో సిస్టీన్ రాళ్లు వృషణాలు తీసేస్తే తగ్గుతాయి. కొత్త ద్వారం రాళ్లు పుట్టకుండా ఆపదు, పుట్టిన చిన్న రాళ్లు చిక్కుకోకుండా బయటికి పోవడానికి దారి ఇస్తుంది. అందువల్ల రాళ్లు పదేపదే అడ్డుపడుతున్న మీ కుక్క విషయంలో డాక్టరు గారి సలహా నాకు సబబుగానే తోస్తోంది.

మానేటప్పుడు ద్వారం కుంచించుకుపోతుంది కనుక దాన్ని అవసరానికి మించి పెద్దదిగా కోసి, లోపలి పొరను చర్మానికి సన్నని కుట్లతో కలుపుతారు. తొలి వారం, ముఖ్యంగా మూత్రం పోసేటప్పుడు, రక్తం కారడం మామూలే. నాకకుండా మెడకు గరాటు ఆకారపు కాలర్ తప్పనిసరి. ఒక్క రాత్రి తీసేసినా కుట్లు ఊడిపోవచ్చు. మూత్రం తగిలి చుట్టూ చర్మం ఒరుసుకుపోకుండా వాజెలిన్ పూయండి, అయితే ద్వారాన్ని రుద్దకండి. ధార సన్నబడినా, ముక్కుతున్నా ద్వారం మూసుకుపోతోందేమో చూపించాలి. చుక్క కూడా రాకపోతే మర్నాటి వరకు ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ దెబ్బతింటుంది.