ఢిల్లీ విజ్ఞాన యాత్రకు రూ. 22,500: కార్డు గీకాలా, ఆర్డీ మూసేయాలా?

ప్రశ్న: మాది నరసరావుపేట. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని డిసెంబరు చివర్లో బడివాళ్లు ఢిల్లీ, ఆగ్రా విజ్ఞాన యాత్రకు తీసుకెళ్తున్నారు. విజయవాడ నుంచి రైలు, మొత్తం 8 రోజులు. రూ. 22,500 ఆగస్టు నెలాఖరుకల్లా ఒకేసారి కట్టమంటున్నారు. నా జీతం రూ. 36,000. ఇంటి ఖర్చులూ, పోస్టాఫీసు ఆర్డీ (రికరింగ్ డిపాజిట్, నెలకు రూ. 2,000, ఇప్పటికి 26 వాయిదాలు కట్టాను) పోగా నెలకు మూడు వేలు మిగులుతాయి. చేతిలో ఉన్నది రూ. 9,000. క్రెడిట్ కార్డు మీద నగదు తీయాలా, ఆర్డీ మూసేయాలా? ఐదో తరగతి బాబు కూడా ఉన్నాడు.

జవాబు: రెండూ వద్దు. అసలు ఆర్డీ మూయడం ఇప్పుడు కుదరదు. పోస్టాఫీసు అయిదేళ్ల ఆర్డీని మూడేళ్లు నిండకముందు మూయనివ్వరు. నిండాక మూసినా సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు. ఇక కార్డు మీద నగదు తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. చాలా కార్డుల్లో అది నెలకు 3 శాతం పైనే. పైగా నగదు తీసినందుకు వేరే రుసుము, వడ్డీ మీదా రుసుము మీదా 18 శాతం జీఎస్టీ. మీకు తగ్గుతున్న రూ. 13,500 మీద వడ్డీ, దాని జీఎస్టీ కలిపే నెలకు కనీసం రూ. 478 అవుతుంది.

అప్పు గురించి ఆలోచించే ముందు ఒకసారి బడికి వెళ్లండి. ఒకేసారి ఎందుకు కట్టాలో అడగండి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. డిసెంబరు చివరి ప్రయాణానికి అక్టోబరు చివరిదాకా టికెట్టే తీయలేరు కదా! బస గదులకు అడ్వాన్సు కావాలంటారు, అది న్యాయమే. అందుకని ఇప్పుడు రూ. 9,000, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మూడేసి వేలు, నవంబరులో మిగిలిన రూ. 7,500 కడతానని రాసివ్వండి. నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్తే మాట చెల్లే అవకాశం ఎక్కువ.

అదే చేత్తో ఖర్చుల పద్దు కూడా అడగండి. గుర్తింపు ఉన్న బడి విద్యాయాత్రకు వెళ్తే స్లీపర్, సెకండ్ క్లాసుల్లో 50 శాతం రాయితీ ఉంది. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 75 శాతం. దానికి ప్రధానోపాధ్యాయుడు రాసిచ్చే పత్రంతో రైల్వే నుంచి ముందే ఆర్డరు తెచ్చుకోవాలి. టికెట్ తీశాక గుర్తొస్తే లాభం లేదు, ఏసీ బోగీలకు ఇది వర్తించదు. విజయవాడ నుంచి ఢిల్లీకి స్లీపర్ పూర్తి ఛార్జీయే వెయ్యి లోపు. పద్దులో రానూపోనూ రైలుకు నాలుగైదు వేలు రాసి ఉంటే ఏ తరగతిలో తీసుకెళ్తున్నారో అడగాల్సిందే. తాజ్ మహల్, ఎర్రకోట, కుతుబ్ మినార్ లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. వయసు చూపడానికి ఆధార్ నకలు పంపండి. పద్దులో ‘ప్రవేశ టికెట్లు’ అని పెద్ద మొత్తం కనిపిస్తే ఇది గుర్తుచేయండి. తాజ్‌కు శుక్రవారం, ఎర్రకోటకు సోమవారం సెలవు. కార్యక్రమంలో ఆ రోజులు పడ్డాయేమో కూడా చూడండి.

రూ. 22,500తో ఖర్చు ఆగదు. డిసెంబరు చివర్లో ఢిల్లీ చలికి మన ఊరి స్వెట్టరు ఆనదు. లోపల వేసుకునే థర్మల్ దుస్తులు, టోపీ, మేజోళ్లకు రూ. 2,000 వేసుకోండి. పొగమంచు వల్ల రైళ్లు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి, ఆ పూట తిండి ప్యాకేజీలో ఉండకపోవచ్చు. అందుకు రూ. 500, చేతి ఖర్చుకు రూ. 1,000. చేతి ఖర్చు చిన్న నోట్లుగా ఇచ్చి, సగం పేరు రాసిన కవరులో టీచరు దగ్గర ఉంచండి.

మొత్తం రూ. 26,000. చేతిలోని తొమ్మిది వేలు, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మిగిలే మరో తొమ్మిది వేలు పోగా రూ. 8,000 తగ్గుతుంది. దానికి ఆర్డీ మీద అప్పు తీసుకోండి. 12 వాయిదాలు కట్టిన ఖాతాలో జమలో సగం దాకా ఇస్తారు, అంటే మీకు రూ. 26,000 వరకు వస్తుంది. కానీ ఎనిమిది వేలే అడగండి, అదీ నవంబరులోనే. ఆర్డీ వడ్డీకి 2 శాతం కలిపి తీసుకుంటారు. మీ ఖాతా వడ్డీ 6.7 శాతమైతే అప్పుకు 8.7 శాతం. మూడు నెలల్లో తీర్చేస్తే మొత్తం వడ్డీ రూ. 150 దాటదు. ఈలోగా ఆర్డీ వాయిదాలు మాత్రం ఆపకండి. తప్పిన వాయిదాకు నెలకు నూటికి రూపాయి చొప్పున రుసుము పడుతుంది.

బడి వాయిదాలకు ససేమిరా అంటే, తగ్గిన రూ. 13,500 కూడా ఇదే దారిలో ఆగస్టులోనే తీసుకోవచ్చు. వడ్డీ మొదటి నెల రూ. 98, తీర్చేకొద్దీ తగ్గుతుంది. ఈ ఖర్చుకు ఆదాయపు పన్నులో మినహాయింపు రాదు, అది ట్యూషన్ ఫీజుకే.

బాబు తొమ్మిదో తరగతికి వచ్చి ఇలాంటి యాత్రకు వెళ్లడానికి నాలుగేళ్ల సమయం ఉంది. అప్పు తీరిన మరుసటి నెల బ్యాంకులో రూ. 700తో విడిగా ఆర్డీ తెరవండి. ఇంత దగ్గరి, తేదీ ఖాయమైన ఖర్చుకు షేర్ల ఫండ్లలో నెలనెలా డబ్బు పెట్టే సిప్ పనికిరాదు. సరిగ్గా డబ్బు కావాల్సినప్పుడు మార్కెట్ పడి ఉండొచ్చు.

ఆఖరి మాట: అమ్మాయికి ప్రయాణం ముందు జ్వరం వస్తే ఎంత తిరిగిస్తారో రసీదు మీదే రాయించుకోండి. ముందుగా రద్దు చేస్తే రైలు టికెట్ డబ్బులో చాలా భాగం వెనక్కి వస్తుంది. ‘ఏదీ తిరిగివ్వం’ అన్న షరతుకు సంతకం పెట్టకండి.