ఫిట్స్ ఆగాయి, కానీ బడిలో ఒంటరిదైంది

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. మూడు నెలల కిందట స్కూల్లో ప్రేయర్ జరుగుతుండగా పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకుంది. నోట్లోంచి నురగ వచ్చింది. ఎవరో చేతిలో తాళాల గుత్తి పెట్టారు, ఇంకెవరో పళ్ల మధ్య స్పూన్ దూర్చారు. ముందు పన్ను అంచు విరిగింది. బట్టలు కూడా తడిసిపోయాయి. పరీక్షలన్నీ చేసి లెవెటిరాసిటమ్ మాత్రలు ఇచ్చారు. మళ్లీ రాలేదు. కానీ అప్పటి నుంచి క్లాసులో దాన్ని ఒక్కదాన్నే వేరే బెంచీలో కూర్చోబెడుతున్నారు. ఖోఖో వద్దన్నారు, ఎక్స్‌కర్షన్‌కు పంపొద్దన్నారు. దాని ఎంగిలి తగిలితే మనకూ వస్తుందని పిల్లలు అంటున్నారట. మధ్యాహ్నం క్యారేజీ ఒక్కతే తింటోంది. వారం రోజులుగా పొద్దున్నే కడుపునొప్పి అని బడికి వెళ్లనంటోంది. బడి మాన్పించి పదో తరగతి ప్రైవేటుగా కట్టిద్దామా, లేక వేరే స్కూల్లో చేర్చి ఈ సంగతి చెప్పకుండా ఊరుకుందామా? బయటికి తెలిస్తే రేపు పెళ్లికి అడ్డమని మా అత్తగారి దిగులు.
– ఒక తల్లి, భీమవరం

జవాబు: అమ్మా, మీరు ఒక్క ముక్కలో చెప్పి ముందుకు వెళ్లిపోయిన మాట దగ్గర నేను ఆగిపోయాను. బట్టలు తడిసిపోయాయి అన్నారు. ఫిట్స్ వస్తున్నప్పుడు ఏం జరిగిందో మీ అమ్మాయికి గుర్తుండదు. తెలివి వచ్చాక ఒంటికి అంటుకున్న తడి యూనిఫాం, చుట్టూ మూగిన ముఖాలు మాత్రం గుర్తుంటాయి. వరసల్లో నిలబడి స్కూలంతా చూసింది. ఆ వయసు పిల్లకు ఫిట్స్ కంటే అదే పెద్ద దెబ్బ. పొద్దుటి కడుపునొప్పిని నాటకం అనకండి. పిల్లల్లో భయం చాలాసార్లు కడుపులోనే తెలుస్తుంది, నొప్పి నిజంగానే ఉంటుంది.

అందుకని ముందు ఆ సంగతే మాట్లాడండి. ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తకపోతే, తను ఏదో సిగ్గుపడే పని చేసిందని మనసులో ఖాయం చేసుకుంటుంది. "ఆ రెండు నిమిషాలు మెదడులో కరెంటు గజిబిజి అవుతుంది. చేతులూ కాళ్లూ మన మాట విననట్టే మూత్రం సంచీ వినదు. ఎవరికైనా అంతే" అని మీ నోటితో చెప్పండి. నేను చెబితే డాక్టర్ మాట అవుతుంది. అమ్మ చెబితే అందులో ధైర్యం వేరు. ఒక జత యూనిఫాం, లోదుస్తులు ఒక కవర్లో పెట్టి క్లాస్ టీచర్ బీరువాలో ఉంచమనండి. మళ్లీ అవసరం రాకపోవచ్చు. అవి అక్కడున్నాయని తెలిస్తేనే తనకు సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇక మీ రెండు ప్రశ్నలకూ నా జవాబు ఒక్కటే, వద్దు. సరైన మందులు క్రమం తప్పకుండా వాడితే మూర్ఛ ఉన్నవారిలో 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా ఉండగలరు. మీ అమ్మాయికి మందు పనిచేస్తున్నట్టే కనిపిస్తోంది. ఇప్పుడు బడి మాన్పిస్తే, మందు లొంగదీసిన జబ్బుకు మనం పిల్లను అప్పగించినట్టు అవుతుంది. దాచిపెట్టి వేరే స్కూల్లో చేర్చడం ఇంకా ప్రమాదం. అక్కడ ఫిట్స్ వస్తే ఏం చేయాలో ఒక్కరికీ తెలియదు, మళ్లీ తాళాలు, మళ్లీ స్పూన్. పైగా ఎప్పుడు బయటపడుతుందోనని ఆ పిల్ల రోజూ బిక్కుబిక్కుమంటూ గడపాలి.

మీ అమ్మాయి ఒప్పుకుంటే (ఒప్పుకుంటేనే, తనను అడక్కుండా వద్దు) హెడ్మాస్టర్ గారిని కలిసి ఆ క్లాసు పిల్లలందరికీ అరగంట చెప్పించండి. మీ డాక్టర్ రాలేకపోతే సైన్స్ టీచర్ చెప్పినా చాలు. ప్రభుత్వ బడి అయితే పిల్లల ఆరోగ్య పరీక్షలకు వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందాన్ని అడగొచ్చు, ఫిట్స్ కూడా వాళ్లు చూసే సమస్యల్లో ఉంది. మీ అమ్మాయి పేరెత్తి చెప్పాల్సిన పనిలేదు. ఆ ప్రేయర్ చూసిన పిల్లలూ భయపడ్డారు. ఆ భయానికి జవాబు దొరక్కే ఎంగిలి కథ పుట్టింది.

ఫిట్స్ అంటువ్యాధి కాదు. ఆ నురగ మింగలేక బయటికి వచ్చిన ఉమ్మే. ఒకే కంచంలో తిన్నా, ఒకే గ్లాసులో తాగినా ఎవరికీ రాదు. తాళాల సంగతీ చెప్పాలి. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. ఎవరో పరుగెత్తి తాళాలు తెచ్చేసరికి అవి ఆగే సమయం అయి ఉంటుంది, పేరు తాళాలకు వస్తుంది. ఇనుముకు ఆ శక్తి లేదు, ఉల్లిపాయకూ లేదు. నాలుక మింగేస్తారన్న భయంతో నోట్లో స్పూన్ పెడతారు. నాలుకను ఎవరూ మింగలేరు. స్పూన్ వల్ల పళ్లు విరుగుతాయి, మీరు చూశారు కూడా. ఆ పన్నును ఒకసారి దంతవైద్యుడికి చూపించండి, అద్దంలో చూసుకున్నప్పుడల్లా తనకు ఆ రోజు గుర్తురాకూడదు.

పిల్లలకు నేర్పాల్సింది కొంచెమే. చుట్టూ మూగకుండా జరగాలి. తల కింద బ్యాగో చున్నీయో పెట్టాలి. టై, బెల్టు వదులు చేయాలి. గట్టిగా పట్టుకోకూడదు, నోట్లో ఏమీ పెట్టకూడదు, పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు కూడా తాగించకూడదు. కొట్టుకోవడం తగ్గాక పక్కకు తిప్పి పడుకోబెడితే ఉమ్మి బయటికి పోతుంది. ఒకరు గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ వెంటనే వచ్చినా 108కి ఫోన్ చేయాలి. ఆగని ఫిట్స్‌ను ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే గురించి మీ డాక్టర్‌ను అడగండి. రాసిస్తే ఒకటి ఇంట్లో, ఒకటి బడిలో ఉంచండి. పిల్లలకు చేయడానికి ఒక పని అప్పగిస్తే భయం పోయి బాధ్యత వస్తుంది. గడియారం చూసే పని నాకంటే నాకని పోటీపడే పిల్లలను నేను చూశాను.

ఖోఖో ఆడనివ్వండి. కబడ్డీ, పరుగు, డాన్స్ దేనికీ అడ్డులేదు. చెరువులో, కాలువలో ఈతకు మాత్రం ఒంటరిగా వద్దు, లాగగలిగే పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. మీ వైపు ఊరూరా కాలువలే కదా, ఇది గట్టిగా చెప్పండి. చెట్లెక్కడం, మెయిన్ రోడ్డు మీద సైకిలు కొన్నాళ్లు ఆపండి. స్నానానికి వెళ్తే లోపల గడియ పెట్టుకోకుండా తలుపు దగ్గరికి వేసుకుంటే చాలు. ఎక్స్‌కర్షన్‌కూ పంపండి. మాత్రలు ఒక టీచర్ చేతికిచ్చి, వేళ తప్పకుండా వేయమనండి. రాత్రంతా నిద్రలేని బస్సు ప్రయాణం ఉంటే మాత్రం డాక్టర్‌ను అడిగాకే.

నిద్ర గురించి మీరేమీ రాయలేదు. పదో తరగతి దగ్గరపడిందంటే మన ఇళ్లలో తెల్లవారుజామున నాలుగింటికి లేపి చదివిస్తాం. మీ అమ్మాయికి అది వద్దే వద్దు. ఈ వయసువాళ్లకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి, ఫిట్స్ ఉన్న పిల్లకు అది మందుతో సమానం. ఇంకో మాట అడుగుతాను. పొద్దున్న లేచిన కాసేపటికి చేతులు ఉలిక్కిపడ్డట్టు అదిరి, బ్రష్షో పాల గ్లాసో జారిపోవడం ఎప్పుడైనా చూశారా? పరధ్యానం అని తిట్టి ఊరుకున్నారా? ఈ వయసులో మొదలయ్యే ఒక రకం మూర్ఛకు అది గుర్తు. ఆ రకానికి కొన్ని మందులు పడవు, ఎన్నాళ్లు వాడాలన్నదీ మారుతుంది. అలా జరిగి ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. ఫిట్స్ రాలేదు కదా అని మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. ఆపాలన్న ఆలోచన మామూలుగా కనీసం రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిచాకే వస్తుంది.

లెవెటిరాసిటమ్ కొందరు పిల్లల్లో చిరాకు, ఏడుపు, దిగులు తెస్తుంది. బడి బాధకు ఈ మందు కూడా తోడయిందేమో చూడాలి. మందు మొదలుపెట్టాక ఊరికే విసుక్కుంటోందా, నిద్ర, తిండి తగ్గాయా? నెలవారీ చెకప్ దాకా ఆగకుండా ఈ వారమే చెప్పండి, అవసరమైతే మందు మారుస్తారు. "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట ఒక్కసారి విన్నా తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. టెలీ మానస్ 14416కి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మీ అత్తగారికి ఈ ఒక్కటి చదివి వినిపించండి. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉన్నవారి పెళ్లికి అడ్డుగా ఉన్న మాటను 1999లోనే తీసేశారు. మూర్ఛకు మందులు వాడుతూ పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కన్నవాళ్లు ఎందరో ఉన్నారు. అయితే ఆడపిల్ల కాబట్టి ఎవరైనా వాల్ప్రోయేట్ అనే మందు రాస్తే, వేరేది లేదా అని అడగండి. గర్భంలోని బిడ్డకు దానివల్ల హాని ఉంది.

చివరగా, ఆ ప్రేయర్ ముందు దాకా మీ అమ్మాయి పక్కన కూర్చున్న పిల్ల ఒకరు ఉండే ఉంటారు. ఆ పిల్ల వాళ్లమ్మకు ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఈ ఆదివారం ఆ పిల్లను మీ ఇంటికి అన్నానికి పిలవండి. సోమవారం ఇద్దరినీ కలిపి బడికి పంపండి. ఆ బెంచీ మార్చమని హెడ్మాస్టర్ గారిని అడగడానికి మీరూ వెంట వెళ్లండి.