మీరడిగారు: రోజూ సుడోకు చేస్తే సరిపోతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు మతిమరుపు గురించే. వయసులు వేరు, అడిగిన తీరు వేరు, కానీ అందరి బెంగ ఒకటే, బుర్ర చురుగ్గా ఉండాలంటే రోజూ ఏం చెయ్యాలి అని. కొన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నా.

ప్రశ్న: రిటైరయ్యాక రోజూ సుడోకు చేస్తున్నానండి. మొదట్లో ఒక్కోటి గంట పట్టేది, ఇప్పుడు పది నిమిషాల్లో అయిపోతోంది. ఇక మతిమరుపు రాదని ధీమాగా ఉండొచ్చా?

జవాబు: సరదాగా ఉంటే మానకండి, కానీ ధీమా మాత్రం వద్దు. పది నిమిషాల్లో అయిపోతోంది అన్నారు చూశారా, విషయమంతా అక్కడే ఉంది. గంట పట్టిన రోజుల్లో మీ మెదడు నిజంగా కష్టపడింది, తప్పులు చేసి దిద్దుకుంది, ఇప్పుడు దానికి ఆ పని కొట్టినపిండి అయిపోయింది కాబట్టి కొత్తగా మారాల్సిన అవసరం దానికి లేదు. ఇలాంటి ఆటల మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే తేలేది కూడా ఇదే, ఏ ఆట ఆడితే ఆ ఆటలో చెయ్యి తిరుగుతుంది తప్ప ఆ లాభం మిగతా పనుల్లోకి పెద్దగా పాకదు.

2004లో జర్మనీలో ఒక ప్రయోగం చేశారు. మూడు బంతులు గాల్లోకి ఎగరేసి పట్టుకోవడం అస్సలు రానివాళ్ళకి మూడు నెలల్లో అది నేర్పించి, ముందూ తర్వాతా స్కాన్ తీస్తే, మెదడులో కదిలే వస్తువుల్ని గమనించే భాగాల్లో గ్రే మ్యాటర్, అంటే నాడీకణాలు ఎక్కువగా ఉండే పదార్థం, పెరిగినట్టు కనిపించింది. తర్వాత మూడు నెలలు ప్రాక్టీస్ ఆపేస్తే ఆ పెరుగుదల మళ్ళీ తగ్గిపోయింది. లండన్ టాక్సీ డ్రైవర్ల సంగతి ఇంకా గట్టిది. లైసెన్స్ కావాలంటే అక్కడి దాదాపు 25,000 వీధులు నోటికి రావాలి, దానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఎలినార్ మాగ్వైర్ అనే మెదడు శాస్త్రవేత్త బృందం ఈ ట్రైనింగ్‌లో చేరినవాళ్ళని మొదట్నుంచీ గమనించి 2011లో చెప్పిందేంటంటే, చేరినప్పుడు అందరి మెదళ్ళూ ఒకేలా ఉన్నాయి, కానీ చివరికి పాసైనవాళ్ళలో మాత్రం హిప్పోక్యాంపస్ వెనక భాగం పెరిగింది, హిప్పోక్యాంపస్ అంటే జ్ఞాపకాలకీ దారులు గుర్తుపెట్టుకోడానికీ కీలకమైన భాగం. ఫెయిలైనవాళ్ళలో ఆ పెరుగుదల లేదు. ఈ డ్రైవర్లంతా పెద్దవాళ్ళయ్యాక నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్ళే, అది గుర్తుంచుకోండి.

కాబట్టి మీకు రానిది ఏదైనా ఎంచుకోండి. ఒక కొత్త లిపి తీసుకున్నారనుకోండి, మొదట్లో ప్రతి అక్షరమూ ఒక బొమ్మలా ఉంటుంది, ఒకేలా కనిపించే రెండు అక్షరాల దగ్గర రోజూ బోల్తా పడతారు, ఒక్క పదం కూడబలుక్కుని చదివేసరికి చెమట పడుతుంది. ఆ చెమటే మీకు కావాల్సింది. వాయిద్యమైనా, నాట్యమైనా, కొత్త భాషైనా పర్లేదు, చాలావరకు వస్తూ మధ్యమధ్యలో తప్పు పడేంత కష్టం ఉండాలి. అంతా తప్పే అయితే విసుగొచ్చి వదిలేస్తారు, అంతా ఒప్పే అయితే ఇంకో మెట్టు ఎక్కాల్సిన టైమొచ్చినట్టు.

ప్రశ్న: నాకు ముప్పై నాలుగు. ఉద్యోగం చేస్తూ పరీక్షకి చదువుతున్నా. ఒక్కో చాప్టర్ మూడేసి సార్లు చదువుతా, వారం తిరిగేసరికి ఏమీ ఉండట్లేదు. ఫోన్ వల్ల బుర్ర పాడైపోయిందా?

జవాబు: మీ బుర్రకేం కాలేదు, చదివే పద్ధతి మార్చండి చాలు. మళ్ళీ మళ్ళీ చదువుతుంటే అంతా తెలిసినట్టే అనిపిస్తుంది, ఎందుకంటే పేజీ కళ్ళముందే ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు విద్యార్థుల్లో కొందరితో మళ్ళీ చదివించారు, కొందరిని చూడకుండా గుర్తుచేసుకుని రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు, వారం తర్వాత పెడితే గుర్తుచేసుకున్నవాళ్ళు వాళ్ళని దాటిపోయారు.

ఒకసారి చదివి పుస్తకం మూసెయ్యండి. తెల్లకాగితం మీద గుర్తున్నది రాయండి. ఎక్కడో ఆగిపోతారు, పదం నాలుక చివర ఉంటుంది కానీ రాదు, అప్పుడు చెయ్యి పుస్తకం మీదకి పోతుంది, పోనివ్వకండి, కాసేపు తన్నుకోనివ్వండి, తర్వాత తెరిచి చూసుకోండి. మర్నాడు ఒకసారి, నాలుగు రోజులాగి ఒకసారి, ఇంకో వారానికి ఒకసారి ఇదే పని. ఇక ఫోన్ విషయం, మనసు పెట్టనిది మెదడులో దిగదు, కాబట్టి చదివే ఆ అరగంటా ఫోన్ పక్క గదిలో ఉంటే చాలు.

ప్రశ్న: వారమంతా అయిదు గంటలే పడుకుని ఆదివారం కలిపి పడుకుంటున్నా. పర్వాలేదా?

జవాబు: పర్వాలేదని చెప్పలేను. పెద్దవాళ్ళకి రోజూ ఏడు గంటలన్నా కావాలి, ఎందుకంటే పగలు నేర్చుకున్నది చాలావరకు గట్టిపడేది రాత్రి నిద్రలోనే, నిద్ర కోసేసి నేర్చుకున్నదాంట్లో కొంత చేజేతులా పోగొట్టుకుంటున్నాం. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందని ఇంట్లోవాళ్ళు అంటుంటే మాత్రం డాక్టర్‌కి చూపించుకోండి, అది వైద్యం ఉన్న సమస్య.

ప్రశ్న: నాకు అరవై అయిదు. ఏ వ్యాయామం చేస్తే జ్ఞాపకశక్తికి మంచిది?

జవాబు: నడక. అమెరికాలో 120 మంది పెద్దవాళ్ళ మీద చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో వారానికి మూడుసార్లు, మెల్లగా పెంచుకుంటూ 40 నిమిషాల దాకా నడిచినవాళ్ళకి ఏడాదిలో హిప్పోక్యాంపస్ ముందు భాగం సుమారు 2 శాతం పెరిగింది, ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్ళకి ఆ భాగం కొంచెం తగ్గింది. నడకతో పాటు బీపీ, షుగర్ అదుపులో పెట్టుకోండి, గుండెకి చెడ్డవైతే మెదడులోని సన్నటి రక్తనాళాలకీ చెడ్డవే.

ప్రశ్న: మా నాన్నగారికి డెబ్బై రెండు. టీవీ సౌండ్ బాగా పెంచుతారు, నలుగురిలో కూర్చుంటే నవ్వి ఊరుకుంటారు. ఈమధ్య మాటలు కూడా తగ్గించేశారు. వినికిడి మెషిన్ కొనిస్తే రెండు రోజులు పెట్టుకుని డ్రాయర్‌లో పడేశారు. ఇది మతిమరుపుకి మొదలా?

జవాబు: ఈ ఉత్తరం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చాలా ఇళ్ళల్లో దీన్ని వయసు మీద తోసేసి వదిలేస్తున్నారు, నాకది చాలా బాధగా ఉంటుంది. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ డిమెన్షియాకి, అంటే ముదిరే మతిమరుపు జబ్బుకి, దారితీసే 14 కారణాలు చెప్పి, వాటన్నిటినీ సరిచెయ్యగలిగితే దాదాపు 45 శాతం కేసులు ఆపడమో వెనక్కి నెట్టడమో కుదరొచ్చంది. ఆ 14లో వినికిడి తగ్గడం ఒకటి, ఒంటరితనం ఇంకొకటి. మీ నాన్నగారి విషయంలో మొదటిది రెండోదాన్ని తెచ్చిపెడుతోంది. సగం వినపడ్డ మాటని పూర్తి చేసుకోడానికే బుర్ర శక్తంతా పోతుంటే, ఆ మాటని గుర్తుపెట్టుకోడానికి ఏం మిగులుతుంది చెప్పండి. నవ్వి ఊరుకోవడం అలసట వల్ల కూడా కావొచ్చు, కాబట్టి ఇప్పుడే మతిమరుపు అని ముద్ర వెయ్యకండి.

మెషిన్ పెట్టుకుంటే డిమెన్షియా రాదని మాత్రం నేను చెప్పను. 2023లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో, మూడేళ్ళు చూస్తే, మొత్తం అందరిలో మెషిన్ ఇచ్చినవాళ్ళకీ ఇవ్వనివాళ్ళకీ తేడా కనిపించలేదు, కానీ ముందునుంచే ముప్పు ఎక్కువున్న వర్గంలో జ్ఞాపకశక్తి, ఆలోచన మందగించే వేగం 48 శాతం తగ్గింది. అది చిన్న విషయం కాదు.

డ్రాయర్‌లో ఎందుకు పడేశారంటే, ఏళ్ళ తరబడి నిశ్శబ్దానికి అలవాటుపడ్డ మెదడుకి ఒక్కసారిగా గిన్నెల చప్పుడు, ఫ్యాను హోరు, కాగితం నలిపిన శబ్దం అన్నీ ఒకే ఎత్తున మీద పడతాయి. ఏది మాట, ఏది గోల అని వేరు చెయ్యడం అది మళ్ళీ నేర్చుకోవాలి, దానికి వారాలు పడుతుంది. ముందు చెవిలో గులిమి ఉందేమో చూపించండి, మెషిన్ సెట్టింగ్ సరిచేయించండి. తర్వాత టీవీ ఆపేసి, ప్రశాంతంగా ఉన్న గదిలో, ఆయనకి మెషిన్ పెట్టి, ఎదురుగా కూర్చుని రోజూ ఓ గంట మీరొక్కరే ఆయనతో మాట్లాడండి. అలా అలా గంటలు పెంచండి, పదిమందిలోకి చివర్న తీసుకెళ్ళండి.

ప్రశ్న: తెలిసినవాళ్ళ పేర్లు టక్కున రావట్లేదు. వయసు నలభై ఎనిమిది. భయపడాలా?

జవాబు: కాసేపాగాక పేరు గుర్తొస్తుంటే భయం లేదు. తెలిసిన దారిలోనే తప్పిపోవడం, అడిగిందే మళ్ళీ మళ్ళీ అడగడం, ఎప్పుడూ చేసే లెక్కలు చెయ్యలేకపోవడం, ఇవి కనిపిస్తే ఆలస్యం చెయ్యకూడదు. విటమిన్ బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, డిప్రెషన్ ఉన్నా కూడా మతిమరుపు వస్తుంది, వీటికి మందులున్నాయి. కొన్ని నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు కూడా బుర్రని మందగింపజేస్తాయి, కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు మీరు వేసుకునే మందులన్నీ, షాపులో అడిగి కొనుక్కున్నవి కూడా, సంచిలో వేసుకుని వెళ్ళండి.