కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు అసిస్టెంట్ కోచ్‌ను ఎంచుకోబోతున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి ఆశీస్సులు.

మీ కాలేజీ యాజమాన్యం ఎట్టకేలకు ఫుట్‌బాల్ జట్టుకు అసిస్టెంట్ కోచ్ పోస్టు మంజూరు చేసిందనీ, ఎంపిక బాధ్యత ఫిజికల్ డైరెక్టర్‌గా నీకే అప్పగించిందనీ రాసిన ఉత్తరం అందింది. సికింద్రాబాద్ డిగ్రీ కాలేజీల్లో ఇలాంటి పోస్టు రాబట్టుకోవడం ఎంత కష్టమో తెలిసినవాడిని కనుక చాలా సంతోషించాను. ఎలాంటి మనిషిని తీసుకోవాలని అడిగావు. తుది జట్టులో చోటు దొరకని పిల్లలను చేరదీసి ఆటగాళ్లుగా తయారుచేసే ఓపిక, నేర్పు ఉన్న మనిషిని తీసుకో. నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగిలిన ఉత్తరమంతా అలాంటి మనిషిని ఎలా గుర్తుపట్టాలో చెప్పడానికే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, టోర్నమెంట్ దగ్గరపడిన కొద్దీ హెడ్ కోచ్ చూపు సహజంగానే ఆ పదకొండు మంది మీదే నిలుస్తుంది. అందులో ఆయన తప్పేమీ లేదు. అయితే కాలేజీ జట్టు మూడేళ్లలో పూర్తిగా మారిపోతుంది. ఫైనలియర్ పిల్లలు పరీక్షలు రాసి వెళ్లిపోగానే, నిన్నటిదాకా బెంచీ మీద నీళ్ల సీసాలు అందించిన ఫస్టియర్ కుర్రవాడే స్టాపర్ బ్యాక్‌గా, అంటే గోల్ ముందు నిలిచే మధ్య డిఫెండర్‌గా దిగాల్సి వస్తుంది. పైగా 2022 నుంచి ఆట నియమాలు మ్యాచ్‌లో ఐదుగురిని మార్చుకునే వీలును శాశ్వతం చేశాయి. టోర్నమెంట్‌ను బట్టి ఆ సంఖ్య తగ్గవచ్చుగానీ, ఎండలో చివరి అరగంట ఆటను బెంచీ మీద నుంచి లేచి వచ్చినవాళ్లే నిలబెడతారన్నది నువ్వూ చూస్తున్నదే.

మన ఊరి ఆట చరిత్ర కూడా ఇదే చెబుతుంది. ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా పనిచేసి, ఆపైన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ విజేతగా నిలిపిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు కోచ్‌గా ఏం చేశారో గుర్తు చేసుకో. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను పక్కన కూర్చోబెట్టకుండా సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ ఫార్వర్డ్‌గా ఆడించారు. దక్షిణ కొరియాపై 2–1 తేడాతో గెలిచి బంగారు పతకం తెచ్చిన ఆ ఫైనల్లో ఒక గోల్ జర్నైల్ సింగ్‌దే. అలాగే భారత జట్టు గోల్‌కీపర్‌గా పేరు తెచ్చుకున్న పీటర్ తంగరాజ్ సెంటర్ ఫార్వర్డ్‌గా మొదలుపెట్టి, సైన్యంలోని మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో చేరాకే గోల్‌కీపర్‌గా మారారు. పిల్లవాడు ఇవాళ ఏ చోట ఆడుతున్నాడన్నది దాటి, అతనిలో ఇంకేం దాగి ఉందో చూడగలిగే కన్ను ఎవరో ఒకరికి ఉండాలి. కాలేజీలో ఆ తీరిక అసిస్టెంట్ కోచ్‌కే ఉంటుంది.

ప్రకటన ఇవ్వడానికి ముందు హెడ్ కోచ్‌తో ఒక పూట తీరిగ్గా కూర్చో. ఆయనకు ఏది బాగా వచ్చో, ఏ పని వాయిదా వేస్తున్నారో ఆయన నోటితోనే చెప్పించు. ఆయన ఫార్వర్డ్‌గా ఆడినవారైతే, డిఫెన్స్ నేర్పేవాణ్ణో గోల్‌కీపర్లను చూసుకునేవాణ్ణో వెతకాలి. నాకు తెలిసిన చాలా కాలేజీల్లో గోల్‌కీపర్ ప్రాక్టీస్ అంటే, అందరూ వరసగా గోల్‌పోస్టు మీదికి బంతులు తన్నుతుంటే ఆ అబ్బాయి అలసిపోయేదాకా దూకడమే. అడుగులు వేయడం, కోణం మూయడం, పట్టిన బంతిని వెంటనే ఎవరికి అందించాలన్నది అతనికి నేర్పేవారే ఉండరు. ఈ లోటు మీ దగ్గరా ఉంటే ప్రకటనలోనే ఆ మాట స్పష్టంగా రాయి.

అర్హత పత్రాల విషయంలో ఎక్కువ రాయను. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ద్వారా వచ్చే లైసెన్సుల్లో డి తర్వాత సి, ఆపైన బి, ఏ, ప్రో వరుసలో ఉంటాయి. గోల్‌కీపింగ్ కోచ్‌లకు వేరే లైసెన్సులున్నాయి. కాలేజీ అసిస్టెంట్‌కు డి ఉండి సి కోసం ప్రయత్నిస్తున్నా చాలునని నా అభిప్రాయం. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) పేరు కనబడగానే తృప్తిపడకు. అక్కడి ఏడాది డిప్లొమా వేరు, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు వేరు. ఒరిజినల్స్ నీ కళ్లతో చూడు.

అసలు పరీక్ష మైదానంలోనే జరగాలి. పత్రాలు సరిపోయినవాళ్లలో ముగ్గురినో నలుగురినో ఎంచి, ఒక్కొక్కరికి ఒక్కో ఉదయం పిల్లలను గంటసేపు అప్పగించు. ప్రిన్సిపల్ గదిలో ఇంటర్వ్యూ ఆ తర్వాతే పెట్టు. తుది జట్టును మాత్రం వాళ్ల చేతికివ్వకు. ఫస్టియర్ పిల్లలూ, సెలెక్షన్స్‌లో అంచున నెగ్గినవాళ్లూ కలిపి, ఇద్దరు గోల్‌కీపర్లతో సహా పద్దెనిమిది మందిని ఇవ్వు. రోజూ మీకు దొరికేంత మైదానమే ఇవ్వు. అవతలి సగంలో క్రికెట్ నెట్స్ నడుస్తుంటే నడవనీ. ఆరు బంతులు, కొన్ని కోన్లు, జట్లను వేరుచేయడానికి చొక్కాల మీద తొడిగే రెండు రంగుల బిబ్బులు చాలు. నేర్పాల్సిన అంశం మాత్రం ముందు రోజే చెప్పు. ఉదాహరణకు, మిడ్‌ఫీల్డ్‌లో బంతి చేజారిన మరుక్షణం ఏం చేయాలన్నది ఇవ్వవచ్చు.

ఆ గంటసేపు నువ్వు అభ్యర్థి వంక చూస్తూ కూర్చుంటే అతని గొంతు, హుషారు నిన్ను తనవైపు లాగేస్తాయి. అందుకని ఆ పద్దెనిమిది మందిలో బాగా వెనకబడిన ఒక పిల్లవాణ్ణి ఎంచుకుని అతణ్ణే చూడు. అతని కాలికి బంతి ఎన్నిసార్లు తగిలింది, వరుసలో ఎంతసేపు ఊరికే నిలబడ్డాడు, మొదట్లో చేతకానిది చివరికి కాస్తయినా చేయగలిగాడా అన్నవి కాగితం మీద రాసుకో. ఇద్దరు ముగ్గురు అభ్యర్థుల తర్వాత ఆ కాగితాలు పక్కపక్కన పెట్టుకుంటే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇలాంటి ఒక పరీక్షలో నేను చూసినది చెబుతాను. ఒక డిఫెండర్ కుర్రవాడు బంతి ఎటుంటే అటే పూర్తిగా తిరిగి నిలబడేవాడు. వెనక నుంచి పరుగెత్తే ఫార్వర్డ్ అతని కంటికి ఆనేవాడే కాదు. అభ్యర్థి ఆట ఆపకుండా అతని పక్కకు వెళ్లి, భుజం పట్టుకుని ఒంటిని సగం తిప్పి, ఎడమ పాదాన్ని ఒక అడుగు వెనక్కి పెట్టించి, "ఇప్పుడు బంతి కనిపిస్తోందా? వెనకవాడు కనిపిస్తున్నాడా?" అని అడిగి వెళ్లిపోయాడు. కాసేపటికి మళ్లీ అటు వచ్చి చూస్తూ నిలబడ్డాడు. ఈసారి ఆ పాదం ఎవరూ చెప్పకుండానే వెనక్కి పడింది. వెంటనే కుర్రవాణ్ణి పేరుపెట్టి పిలిచి మెచ్చుకున్నాడు. ఈ అభ్యర్థి యూనివర్సిటీ స్థాయి దాటి ఆడినవాడు కాదు. రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ ఆడిన మరో అభ్యర్థి బంతిని నుదుటి మీద నిలబెట్టి చూపించి పిల్లలతో చప్పట్లు కొట్టించుకున్నాడు, కమిటీలో కొందరు అతని వైపే మొగ్గారు. నేను మొదటివాడి పక్షానే నిలబడ్డాను. ఇవాళ అడిగినా అదే చెబుతాను.

భాష సంగతి కూడా గమనించు. హైదరాబాద్ మైదానాల్లో ఆట మాటలు సగం ఉర్దూలోనే నడుస్తాయి, జిల్లాల నుంచి వచ్చిన హాస్టల్ పిల్లలకు తెలుగులో చెబితే తప్ప మనసుకు ఎక్కదు. ఆ రెండిటిలో ఒకటి బొత్తిగా రాని మనిషి చేతిలో సగం జట్టు మూగదైపోతుంది.

ఇంటర్వ్యూలో ఆట వ్యూహాల గురించి అడగడానికి కమిటీలో చాలామంది ఉంటారు. నువ్వు పిల్లల ఒంటి క్షేమం గురించి అడుగు. ఆట మధ్యలో ఒక పిల్లవాడు ఉన్నట్టుండి కుప్పకూలితే మొదట ఏం చేస్తావని అడుగు. 2004 డిసెంబరులో బెంగళూరు ఫెడరేషన్ కప్ ఫైనల్లో గోల్‌కీపర్‌తో ఢీకొని పడిపోయిన బ్రెజిల్ ఆటగాడు క్రిస్టియానో జూనియర్ ప్రాణాలు దక్కలేదు. 2021లో కోపెన్‌హాగెన్‌లో కూలిపోయిన డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్‌కు మైదానంలోనే సీపీఆర్ (ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స), గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ అందడం వల్ల ప్రాణం నిలిచింది. 108కు ఫోన్ చేయించి, తాను వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెడతానని తడుముకోకుండా చెప్పలేనివాణ్ణి, శిక్షణ ఇప్పించకుండా మైదానంలోకి పంపకు. వార్మప్ ఎలా చేయిస్తాడో కూడా అడుగు. ఫిఫా రూపొందించిన 11 ప్లస్ వార్మప్‌లో పదిహేను వ్యాయామాలున్నాయి, ఇరవై నిమిషాలు చాలు, క్రమం తప్పకుండా చేస్తే గాయాలు బాగా తగ్గుతాయి.

మీ దగ్గర ఆడపిల్లల జట్టు కూడా ఉంది కనుక ఇంకొంత జాగ్రత్త కావాలి. ఇదివరకు పనిచేసిన చోటికి నువ్వే స్వయంగా ఫోన్ చేసి, అక్కడ ఎందుకు మానేశాడో కనుక్కో. పోలీస్ వెరిఫికేషన్ చేయించు. డిగ్రీలో చేరేవాళ్లలో పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లూ ఉంటారు, వాళ్లకు పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుందన్న సంగతి, కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఎక్కడుందన్న సంగతి చేరిన రోజే అతనికి చెప్పాలి. ఊరు దాటి టోర్నమెంటుకు వెళ్లేటప్పుడు ఆడపిల్లల వెంట ఒక మహిళా అధ్యాపకురాలు ఉండి తీరాలి. అర్హతలున్న మహిళా కోచ్ దరఖాస్తు చేస్తే, మగపిల్లలు మాట వింటారా అన్న సందేహంతో పక్కన పెట్టకు. చక్కగా నేర్పేవారి మాట పిల్లలు వింటారు.

సిఫారసులు వస్తాయి. అందరికీ గౌరవంగా ఒకే సమాధానం చెప్పు: మైదానంలో గంటసేపు పరీక్ష అందరికీ ఉంటుందని.

వచ్చినవాడు రేపు హెడ్ కోచ్ కావాలని ఆశపడతాడేమోనని యాజమాన్యం జంకుతున్నట్టు రాశావు. ఆశపడనీ. 2021–22లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచినప్పుడు హెడ్ కోచ్ మనోలో మార్కెజ్ పక్కన సహాయకుడిగా ఉన్న తాంగ్‌బోయ్ సింగ్టో, 2023లో అదే జట్టుకు హెడ్ కోచ్ అయ్యారు. నువ్వు చూడవలసింది అతని నోటి అదుపు. హెడ్ కోచ్‌తో విభేదిస్తే గదిలో గట్టిగా మాట్లాడాలి, పిల్లల ముందు ఒకే మాట మీద ఉండాలి.

నియామక పత్రంలో జీతం, వేసవి నెలల్లో అది ఇస్తారా ఇవ్వరా, ప్రయాణ భత్యం, వారంలో ఎన్ని పూటలు రావాలన్నది ముందే రాయించు. జీతం నెలనెలా చేతికందకపోతే ఎంత మంచి కోచ్ అయినా సాయంత్రాలు ప్రైవేటు అకాడమీల వైపు వెళ్లిపోతాడు. తుది జట్టుకు బయట ఉన్న పిల్లల బాధ్యత పూర్తిగా అతనిదేననీ, ప్రతి నెలా వాళ్ల ప్రగతిని నీకు రాసి ఇవ్వాలనీ ఒక వాక్యం అందులో చేర్చు.

పరీక్షల తేదీలు ఖాయం కాగానే నాకు రాయి. పొద్దున్నే వచ్చి నీ పక్కన కూర్చుంటాను.

నీ మేలు కోరే,
విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్