పరారీ కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ చదివాను. టెక్సస్‌లో డాలస్ నుంచి హ్యూస్టన్‌కి ఐ-45 హైవే మీద వెళ్తూ సెంటర్‌విల్‌లో గ్యాస్ కోసం ఆగినప్పుడు ఎవరో చెప్పిన సంగతి మనసులో పడిపోయిందని రాశావు. 2022 మే 12న ఆ ఊరికి దగ్గర్లోనే గొంజాలో లోపెజ్ అనే జీవిత ఖైదీ జైలు బస్సులోంచి తప్పించుకున్నాడు. మూడు వారాలు దొరకలేదు. నువ్వు దాని మీద కథ రాసి, "ఎలా ఉందో మొహమాటం లేకుండా చెప్పండన్నయ్యా" అన్నావు కాబట్టి చెప్తున్నాను.

నీకు పరుగు రాయడం వచ్చు. అడవిలో వాడు పడుతూ లేస్తూ పోయే పేజీలు ఊపిరి బిగబట్టి చదివాను. చిన్న చిన్న వాక్యాలు, ఎక్కడా తడబాటు లేదు. కానీ ఈ కథను ఇలాగే పత్రికకు పంపొద్దు. చదవడం అయిపోయాక నాకు వాడి పరుగొక్కటే గుర్తుంది. వాడికి దారి ఎవరిచ్చారో తెలియలేదు. కోర్టుకో, ఆసుపత్రికో, ఇంకో జైలుకో తీసుకెళ్తుంటే మనిషి తప్పించుకున్నాడంటే, ఆ పరారీ రోడ్డు మీద మొదలవదు. కొన్ని గంటల ముందు, ఒక్కోసారి కొన్నేళ్ళ ముందు, ఎవరో చేయాల్సిన పని చేయకుండా వదిలేసినప్పుడే మొదలవుతుంది. నీ కథ డ్రైవర్ మీద దాడితో మొదలైంది. అప్పటికి జరగాల్సిందంతా జరిగిపోయింది.

ఆ రోజు సంగతి ఒకసారి వరసగా చూద్దాం. గేట్స్‌విల్‌లోని హ్యూస్ యూనిట్ అనే జైలు నుంచి హంట్స్‌విల్‌కి వైద్యం కోసం తీసుకెళ్తున్నారు. బస్సులో 16 మంది ఖైదీలు. లోపెజ్ ఎంత ప్రమాదకరమో జైలు వాళ్ళకి తెలుసు. అందుకే మిగతావాళ్ళతో కలపకుండా ఇనుప జాలీ బిగించిన అరలో విడిగా కూర్చోబెట్టారు. సంకెళ్ళు వేశారు. ఆఫీసర్లు ఇద్దరు. ఒకరు బండి నడుపుతున్నారు, ఇంకొకరు తుపాకీతో వెనక ఉన్నారు. వాడు ఎలాగో సంకెళ్ళు వదిలించుకున్నాడు. జాలీ కోసి, కిందినుంచి పాక్కుంటూ వచ్చి డ్రైవర్ మీద పడ్డాడు. బస్సు ఆగింది. ఇద్దరూ పెనుగులాడుతూ కిందికి దిగారు. వెనకున్న ఆఫీసర్ దిగి వచ్చేలోగా వాడు మళ్ళీ బస్సెక్కి తోలుకుపోయాడు. ఆఫీసర్లు కాల్చిన తూటాలకు వెనక టైరు పోయింది. కొంత దూరం వెళ్ళి బస్సు రోడ్డు దిగింది. వాడు అడవిలోకి ఉరికాడు. మిగతా ఖైదీల్లో ఒక్కరూ పారిపోలేదు.

ఈ చివరి సంగతి నువ్వు అసలు రాయలేదు. నేనైతే ముందు దాన్నే పట్టుకునేవాణ్ణి. జాలీ కోస్తున్న చప్పుడు వాళ్ళకి వినబడి ఉంటుందా? వినబడితే ఎందుకు నోరు మెదపలేదు? బస్సు ఊగిపోతూ రోడ్డు దిగుతుంటే సంకెళ్ళతో కూర్చున్నవాడు ఎక్కడ పట్టుకున్నాడు? ఇవి రిపోర్టర్‌కి దొరకవు. కథకుడికి దొరుకుతాయి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఇనుప జాలీని ఉత్తి చేతులతో కోయలేరు. వాడి దగ్గర ఏదో ఉంది. ఉంటే అది బయల్దేరేముందు తనిఖీలో దొరకాలి కదా? ఆ ఏడాది డిసెంబరులో విచారణ నివేదికలు బయటికొచ్చాయి. ఒకటి అక్కడి జైళ్ళ శాఖ చేసింది, ఇంకొకటి బయటి సంస్థ చేత చేయించింది. తనిఖీ సరిగ్గా జరగలేదని, సంకెళ్ళు వేయాల్సిన పద్ధతిలో వేయలేదని తేలింది. వీటికి సిబ్బంది కొరత తోడైంది. రోజూ చేసే పనే కదా అన్న ఉదాసీనత తోడైంది. ఆ పరారీ తర్వాతే బస్సులో మూడో ఆఫీసర్ ఉండాలని నిర్ణయించారు. నీ కథలో ఆ మూడో సీటు గురించి ఒక్క మాటైనా ఉండాలి. ఖాళీ సీటు అని ఊరికే చెప్పి వదిలేయకు. ఆ సీట్లో మనిషి అక్కర్లేదని ఎవరనుకున్నారు, ఏ లెక్క చూసి అనుకున్నారు, అప్పుడు ఎవరైనా కాదన్నారా అన్నది కథలోకి రావాలి.

తనిఖీ గదిలోకి వెళ్ళు. తెల్లవారుజాము. గార్డు డ్యూటీ అయిపోవచ్చింది, కళ్ళు మండుతున్నాయి. ఎదురుగా ఒక మనిషి బట్టలు విప్పి నిలబడాలి. నోరు తెరవమనాలి, నాలుక పైకెత్తమనాలి, జుట్టులో వేళ్ళు పెట్టి చూడాలి, అరికాళ్ళు చూపించమనాలి, చెప్పుల అడుగు వంచి చూడాలి. వాళ్ళిద్దరికీ అది అవమానమే. ఈ మనిషినే ఇంతకుముందూ చూశాడు, ఎప్పుడూ ఏమీ దొరకలేదు. బయట బస్సు ఇంజన్ ఆన్‌లో ఉంది, ఎవరో "అయిందా?" అని కేకేశారు. గార్డు "ఆఁ, అయింది" అన్నాడు. ఆ "ఆఁ" దగ్గర నీ కథ మొదలవ్వాలి. అలాగని అతన్ని లంచగొండినో తాగుబోతునో చేయకు. అలా చేస్తే పాఠకుడు తనలాంటివాడు కాదులే అనుకుని హాయిగా పక్కకు తప్పుకుంటాడు. అతను మామూలు మనిషి, పిల్లల ఫీజులు కట్టుకుంటున్న మనిషి. అదే మనల్ని భయపెట్టాలి.

నీకు టెక్సస్ జైళ్ళు కొత్తే కావచ్చు కానీ, ఈ మామూలు మనిషి మనకు కొత్త కాదు. ఈసారి ఇండియా వచ్చినప్పుడు ఏదైనా జిల్లా కోర్టు వరండాలో ఒక పూట కూర్చో. వాయిదాకు తెచ్చిన రిమాండ్ ఖైదీ, అతని వెంట ఎస్కార్ట్ వచ్చిన ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుళ్ళు కనబడతారు. బేడీలు ఉండవు. కానిస్టేబుల్ ఖైదీ చేతిని తన చేతిలోకి తీసుకుని, వేళ్ళలో వేళ్ళు జొనిపి గట్టిగా పట్టుకుని కూర్చుంటాడు. తెలియనివాళ్ళు చూస్తే స్నేహితులనుకుంటారు. ఖైదీ భార్య చంటిపిల్లను ఎత్తుకుని వస్తే, అతను ఒంటిచేత్తోనే పిల్లను ముద్దు చేస్తాడు. రెండో చెయ్యి కానిస్టేబుల్‌దే. చెమటకు పట్టు జారుతుంటే కానిస్టేబుల్ చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని మళ్ళీ పట్టుకుంటాడు. కాగితాలు తీసుకుని రెండో కానిస్టేబుల్ బెంచ్ క్లర్కు దగ్గరికి వెళ్ళగానే వీళ్ళిద్దరే మిగులుతారు. సరిగ్గా అప్పుడే ఖైదీ బాత్రూమ్‌కి వెళ్ళాలంటాడు. మన పేపర్లలో వచ్చే "పోలీసుల కళ్ళుగప్పి ఖైదీ పరార్" వార్తల్లో కొన్ని ఈ దగ్గరే మొదలవుతాయి. మర్నాటి వార్త కానిస్టేబుల్ సస్పెన్షన్‌తో ముగుస్తుంది. ఇద్దరు వెళ్ళాల్సిన డ్యూటీకి ఒక్కణ్ణే పంపిన సందర్భాల్లో కూడా, పంపినవాళ్ళ పేరు ఆ వార్తలో ఉండదు.

బేడీలు ఎందుకు లేవంటావా? 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు, జస్టిస్ కృష్ణయ్యర్ కలంతో, మనిషికి బేడీలు వేసి తిప్పడం అమానుషమనీ, తప్పనిసరైతే కారణాలు రాసి కోర్టు ఆమోదం తీసుకోవాలనీ చెప్పింది. 1995లో అస్సాం కేసులో మళ్ళీ అదే మాట గట్టిగా చెప్పింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 43వ సెక్షన్ కొన్ని తీవ్రమైన నేరాల్లోనూ, ఇంతకుముందు కస్టడీ నుంచి పారిపోయినవాళ్ళ విషయంలోనూ బేడీలకు వీలిచ్చింది. ఇంకోవైపు, నిర్లక్ష్యంతో ఖైదీని తప్పించుకోనిచ్చిన ఉద్యోగికి రెండేళ్ళ దాకా జైలుశిక్ష ఉంది. అది పాత ఐపీసీలో 223వ సెక్షన్. అంటే ఆ కానిస్టేబుల్ బేడీలు వేస్తే కోర్టు తిడుతుంది, వేయకుండా ఖైదీ పారిపోతే తనే ముద్దాయి అవుతాడు. ఆ తీర్పు సరైనదేనని నా గట్టి నమ్మకం. నేరం రుజువు కాని మనిషిని సంకెళ్ళతో బజారులో నడిపించకూడదు. కానీ ఆ తీర్పు నిలబడాలంటే చాలినంత మంది సిబ్బంది, తలుపులు సరిగ్గా పడే వాహనం, కోర్టులో ఖైదీల కోసం ఒక గది ఉండాలి. అవి ఇవ్వకుండా బరువంతా ఒక కానిస్టేబుల్ వేళ్ళ మీద పెట్టాం. నీ కథలో భద్రతా లోపం అంటే ఇది. తాళం విరిగిందని రాస్తే సరిపోదు.

ఇంకో సంగతి. సిబ్బందిని దోషులుగా చూడటం సులువు, అదే సిబ్బంది చనిపోతే ఏమంటాం? 2024 మే 14న ఫ్రాన్స్‌లో మొహమ్మద్ అమ్రా అనే ఖైదీని రువాన్ కోర్టులో హాజరుపరిచి ఎవ్రూ జైలుకి తిరిగి తీసుకెళ్తున్నారు. ఇంకార్‌విల్ టోల్ ప్లాజా దగ్గర ఒక కారు ఎదురొచ్చి జైలు వ్యాన్‌ని గుద్దింది, ఆయుధాలతో మనుషులు దిగి కాల్చారు. ఎస్కార్ట్‌లో ఐదుగురుంటే ఇద్దరు చనిపోయారు, ముగ్గురు గాయపడ్డారు. సీసీ కెమెరా వీడియో ప్రపంచమంతా చూసింది. అంతకు కొద్ది రోజుల ముందే అతను జైలు గది చువ్వలు కోయడానికి ప్రయత్నించాడు. ఆ సంగతి తెలిసిన జైలు నుంచే అతను రోడ్డెక్కాడు. వెంట వెళ్ళిన ఐదుగురికి ఎంత చెప్పారు, వాళ్ళ చేతిలో ఏ ఆయుధముంది, ఎదుటివాళ్ళ చేతిలో ఏముంది అన్నవి అడగాల్సిన ప్రశ్నలు. తొమ్మిది నెలల తర్వాత, 2025 ఫిబ్రవరిలో, అతన్ని రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో పట్టుకున్నారు.

ఆ దాడి జరిగిన మర్నాడు ఫ్రాన్స్ జైలు సిబ్బంది పని ఆపేసి గేట్ల ముందు నిలబడ్డారు. ఆయుధాలతో పాటు వాళ్ళడిగిన వాటిలో ఒకటి, ప్రయాణాలు తగ్గించమని: జడ్జి వీడియోలో విచారించవచ్చు కదా అని. మన దగ్గరా ఇప్పుడు రిమాండ్ పొడిగింపులు చాలావరకు వీడియోలోనే అవుతున్నాయి. ప్రయాణం లేకపోతే పరారీ లేదు, నిజమే. కానీ మేజిస్ట్రేట్ ఎదుట నిలబడినవాడు కుంటుతుంటే కనబడుతుంది, వీపు మీది దెబ్బలు చొక్కా ఎత్తి చూపించవచ్చు. తెర మీద ముఖమే కనబడుతుంది, పక్కన జైలు సిబ్బంది ఉంటారు. ఎటు మొగ్గాలో నీ పాత్రలు వాదించుకోనీ. నువ్వు తీర్పు చెప్పకు.

పారిపోబోయాడన్న మాటను మాత్రం ఎప్పుడూ ఊరికే తీసుకోకు. ముఖ్యంగా మనవాళ్ళ కోసం రాసేటప్పుడు. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తెస్తున్న వికారుద్దీన్, మరో నలుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వాహనంలోనే కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులన్నారు. చేతులకు బేడీలతో ఉన్న శవాల ఫోటోలు పత్రికల్లో వచ్చాయి. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో 'దిశ' కేసు నిందితులు నలుగురు చనిపోయినప్పుడూ అదే కథ చెప్పారు, జనం పోలీసుల మీద పూలు చల్లారు. 2022లో బయటికొచ్చిన, సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. కస్టడీలో ఉన్న మనిషి ప్రాణం రాజ్యం చేతిలో ఉంటుంది. తప్పించుకోనివ్వడం ఎంత వైఫల్యమో, తప్పించుకోబోయాడని చెప్పి చంపడం అంతకన్నా పెద్దది. ఈ రెండో రకం నీ కథకు అవసరం లేకపోవచ్చు. కానీ అధికారులు చెప్పిన వరసలోనే సంఘటనలు పేర్చుకుంటూ పోయే అలవాటు నీకు ఇప్పుడే పడుతోంది. నీ రెండో భాగం మొత్తం ప్రెస్‌మీట్ వరసలోనే ఉంది. దాన్ని విడగొట్టు.

చివరగా, నన్ను బాగా ఇబ్బంది పెట్టిన చోటు. జూన్ 2న సెంటర్‌విల్ దగ్గర ఒక ఇంట్లో ఒక తాత, నలుగురు మనవళ్ళు లోపెజ్ చేతిలో చనిపోయారు. వాళ్ళ ట్రక్కులో వాడు దక్షిణంగా జోర్డాన్టన్ దాకా వెళ్ళి పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. నువ్వు ఆ ఐదుగురిని ఒక్క పేరాలో చంపి, వెంటనే ట్రక్కు వేగం రాశావు. పాఠకుడు ఉలిక్కిపడాలని చేశావని తెలుసు. ఆ హత్యల దృశ్యం పూర్తిగా తీసేయ్. అసలు పేర్లూ, వయసులూ, చిరునామా పోలికలూ ఏవీ ఉంచకు. వాళ్ళ బంధువులు నువ్వున్న రాష్ట్రంలోనే ఉన్నారు. దాని బదులు తనిఖీ చేసిన గార్డు జూన్ 3 పొద్దున టీవీలో ఆ వార్త చూస్తున్నాడని రాయి. అతనేం ఆలోచించాడో చెప్పకు. ఆ రోజు డ్యూటీకి వెళ్ళాడో లేదో, వెళ్తే తనిఖీ గదిలో మొదటి ఖైదీని ఎలా చూశాడో రాయి చాలు.

ప్రత్యేక సంచిక గడువు దగ్గర పడిందని అన్నావు. ఆ సంచిక పోతే పోనీ. విచారణ నివేదికల మీద అక్కడి పత్రికలు వివరంగా రాశాయి, ముందు అవన్నీ కూర్చుని చదువు. అడవిని ఒక పేజీకి తగ్గించు, తనిఖీ గదికి ఎన్ని పేజీలైనా తీసుకో. తిరగరాసింది నాకు పంపేటప్పుడు పాత ప్రతి కూడా జతచేయి. ఏది తీసేశావో చూస్తేగానీ ఏమీ చెప్పలేను.

ఉంటాను.
మీ అన్నయ్య