ఒకే ప్రోగ్రామ్, రెండు డేటాబేస్‌లు

ప్రశ్న: మా ఆఫీసులో పాత లెక్కలు ఒరాకిల్‌లో, కొత్తవి పోస్ట్‌గ్రెస్‌లో ఉన్నాయి. రెండూ కలిపి ఒక రిపోర్ట్ తీయాలి. ఓడీబీసీ (ఏ డేటాబేస్‌తోనైనా ఒకే తీరుగా మాట్లాడే ఉమ్మడి పద్ధతి) ఉంటే డేటాబేస్ ఏదైనా కోడ్ మార్చక్కర్లేదని మా సీనియర్ అంటున్నారు. నాకేమో ఐఎం014 అనే ఎర్రర్ వస్తోంది. అసలు డ్రైవర్ మేనేజర్ ఏం చేస్తుంది? – ఒక పాఠకురాలు

జవాబు: మీ సీనియర్ గారి మాట సగం నిజమమ్మా. ముందు మీకు టెన్షన్ పెడుతున్న ఎర్రర్ సంగతి చూద్దాం. డ్రైవర్ అంటే ఒక్కో డేటాబేస్‌తో మాట్లాడటానికి ఉండే లైబ్రరీ. దానికీ మీ ప్రోగ్రామ్‌కీ బిట్లు కలవలేదని ఆ ఎర్రర్ అర్థం. డ్రైవర్ మీ ప్రోగ్రామ్ లోపలికే వచ్చి పనిచేస్తుంది కాబట్టి, ప్రోగ్రామ్ 32 బిట్ అయితే డ్రైవర్ కూడా 32 బిట్‌ది కావాలి. విండోస్ ఎన్ని బిట్లదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. 64 బిట్ విండోస్‌లో ఓడీబీసీ సెట్టింగుల ప్రోగ్రామ్‌లు రెండుంటాయి, రెండింటి ఫైలు పేరూ ఒకటే. సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉన్నది 64 బిట్‌ది, సిస్‌వావ్64లో ఉన్నది 32 బిట్‌ది. తారుమారుగా అనిపించినా అదే సరైనది. మీ ప్రోగ్రామ్‌కు సరిపడే దాంట్లో డీఎస్ఎన్ (ఏ డేటాబేస్, ఏ డ్రైవర్ అన్న వివరాలకు పెట్టుకునే పేరు) పెట్టుకోండి.

ఇక అసలు ప్రశ్న. ఒకప్పుడు ఏ డేటాబేస్‌కి రాసిన ప్రోగ్రామ్ ఆ కంపెనీ ఇచ్చిన లైబ్రరీకే అతుక్కుపోయేది. 1992లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఓడీబీసీ ఆ ముడి విప్పింది. ప్రోగ్రామ్ పిలిచేది డ్రైవర్ మేనేజర్‌నే. విండోస్‌లో అది సిస్టమ్‌తోనే వస్తుంది, లినక్స్‌లో యూనిక్స్‌ఓడీబీసీ గానీ ఐఓడీబీసీ గానీ ఉంటుంది. మీరు డీఎస్ఎన్ పేరు చెప్పి కనెక్ట్ అవమన్నప్పుడు అది విండోస్ సెట్టింగులు దాచే రిజిస్ట్రీలోనో, ఓడీబీసీ.ఐఎన్ఐ ఫైల్లోనో వెతికి ఆ పేరుకు ఏ డ్రైవరో తెలుసుకుని అప్పుడు లోడ్ చేస్తుంది. కనెక్ట్ అయ్యే ముందే మీ చేతికొక హ్యాండిల్ (ఆ కనెక్షన్‌కు గుర్తు) ఇచ్చి ఉంటుంది. ఆ తర్వాత ఆ హ్యాండిల్‌తో వచ్చిన ప్రతి పిలుపునూ ఆ డ్రైవర్‌కే పంపుతుంది. రెండో కనెక్షన్‌కు ఇంకో హ్యాండిల్, ఇంకో డ్రైవర్. ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. ఇంత శుభ్రమైన ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో అరుదని నా అభిప్రాయం.

నిజం కాని సగం ఎక్కడుందంటే, మీరు రాసిన ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష) వాక్యాన్ని డ్రైవర్ మేనేజర్ చదవదు, ఉన్నదున్నట్టు పంపేస్తుంది. మొదటి పది వరుసలు కావాలంటే పోస్ట్‌గ్రెస్‌లో లిమిట్ అంటాం, ఒరాకిల్‌కు ఆ మాట తెలియదు. (ఒరాకిల్ 12సీ నుంచి ఫెచ్ ఫస్ట్ రెండింటిలోనూ నడుస్తుంది, అదే వాడండి.) దీనికైతే ఎర్రర్ వస్తుంది కాబట్టి వెంటనే దిద్దుకుంటారు. నాకు భయమేసేది చప్పుడు చేయని తేడాలంటేనే. ఒరాకిల్‌లో ఖాళీ స్ట్రింగ్ (అక్షరాలేవీ లేని మాట) అంటే నల్, అంటే విలువే లేనట్టు. పోస్ట్‌గ్రెస్‌లో రెండూ వేరు. ఫోన్ నంబరు లేని ఖాతాలెన్నో చెప్పమని రెండు చోట్లా ఒకే ప్రశ్న వేస్తే, పోస్ట్‌గ్రెస్ వైపు ఖాళీగా వదిలేసిన వాళ్లు లెక్కలోంచి జారిపోవచ్చు. ఎర్రర్ రాదు, రిపోర్ట్ మాత్రం తప్పవుతుంది. అది పై అధికారుల దాకా వెళ్లాక బయటపడితే మాట మీ మీదకే వస్తుంది. అందుకే రెండు చోట్లా తక్కువ వరుసలతో ఫలితాలు తీసి, మీ కళ్లతో సరిచూసుకోండి.

రెండు కనెక్షన్లలోని టేబుళ్లను ఒకే వాక్యంలో జాయిన్ చేయడమూ కుదరదు. రెండూ విడిగా తెచ్చి మీ ప్రోగ్రామ్‌లోనే కలపాలి. మీది చదివే పనే కాబట్టి ఇంతటితో సరి. ఎప్పుడైనా రెండు చోట్లా రాయాల్సి వస్తే మాత్రం జాగ్రత్త. అన్ని కనెక్షన్లనూ ఒకేసారి కమిట్ చేయమని (రాసిన మార్పులను ఖాయం చేయమని) అడిగినా డ్రైవర్ మేనేజర్ ఒక్కోదానికి విడివిడిగానే చెబుతుంది. ఒకటి కమిట్ అయి రెండోది విఫలమైతే మొదటిదాన్ని వెనక్కి తీసుకోదు.

ప్రశ్న: జావాలో ‘నో సూటబుల్ డ్రైవర్’ అని వస్తోంది. డ్రైవర్ ఫైలు ఉంది కదా? – ఇంకో పాఠకుడు

జవాబు: జావా డ్రైవర్ మేనేజర్ మీరిచ్చిన యూఆర్ఎల్‌ను తన దగ్గర నమోదైన ఒక్కో డ్రైవర్‌కూ చూపించి, ‘ఇది నీదేనా?’ అని అడుగుతుంది. ఎవరూ ఔననకపోతే వచ్చేది ఈ ఎర్రరే. యూఆర్ఎల్ మొదట్లో జేడీబీసీ (జావాకు ఓడీబీసీ లాంటిది) తర్వాతి పేరులో ఒక్క అక్షరం తప్పినా ఇంతే. అది సరిగ్గా ఉంటే, జార్ ఫైలు (డ్రైవర్ ఉన్న ఫైలు) డిస్క్‌లో ఉండటం కాదు, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు క్లాస్‌పాత్‌లో (జావా వెతికే చోట్ల జాబితాలో) ఉందో లేదో చూడండి. జావా 6 నుంచి, అంటే జేడీబీసీ 4.0 నుంచి, క్లాస్‌పాత్‌లో ఉన్న డ్రైవర్‌ను జావాయే వెతికి లోడ్ చేసుకుంటుంది. అంతకంటే పాత డ్రైవర్ అయితే దాని క్లాస్‌ను మీరే పేరు పెట్టి లోడ్ చేయాలి.